ఏడు సంపుటాల ఆట

జిల్లా కార్యాలయం నుంచి వచ్చిన ఆ ఉత్తర్వును నేను మూడుసార్లు చదివాను. పందొమ్మిదేళ్ళుగా లైబ్రేరియన్ ఉద్యోగం చేస్తున్నాను కనుక ఏదైనా మూడుసార్లు చదవడం నాకు కష్టం కాదు. మూడుసార్లూ ఒకటే అర్థం వచ్చింది.

"బాలల విభాగములందు పాఠకుల సంఖ్య ఆందోళనకరముగా క్షీణించుచున్నందున, ఆధునిక బాలలను గ్రంథాలయములకు ఆకర్షించు నిమిత్తము, ప్రయోగాత్మకముగా ఒక శాఖయందు వీడియో గేమ్ యంత్రమును, తదుపకరణములను నెలకొల్పుటకు నిర్ణయించడమైనది. ఐదు నుండి ఎనిమిది సంవత్సరముల బాలలకు అనువగు యంత్రమును స్వయముగా పరిశీలించి, ఒక పుటకు మించని నివేదిక సమర్పించవలెను."

ఆ ఒక్క శాఖా మాదే. ఎందుకు మాదే అయిందో కూడా కింద రాశారు. మా బాలల విభాగంలో గడిచిన తొమ్మిది నెలల్లో నమోదైన పాఠకుల సంఖ్య సున్నా. సున్నా నుంచి ఎంత పెరిగినా పెరుగుదలేనని జిల్లా కార్యదర్శి సుదర్శనరావు గారి ముందుచూపు.

నేను బస్సెక్కి పట్నం వెళ్ళాను. ఎలక్ట్రానిక్స్ కొట్లో ఒకాయన నా చేతిలో ఫైలు చూసి కుర్చీ వేశాడు.

"ఎవరికండీ మేడం? మీ పిల్లలకా?"

"ప్రభుత్వ పిల్లలకండీ."

ఆయన ఆశ్చర్యపోలేదు. వయసెంత, ఒకేసారి ఎంతమంది ఆడతారు, టీవీ ఉందా, ఇంటర్నెట్ ఉందా అని అడిగాడు. "చిన్నపిల్లలైతే చేతిలో పట్టుకునే రిమోట్ చిన్నది తీసుకోండి. పెద్దవాళ్ళ దానిమీద వాళ్ళకి వేళ్ళందవు. ఒక్కటి కొంటే కొట్టుకుంటారు, రెండు తీసుకోండి. మణికట్టుకి తాడుండాలి, లేకపోతే ఊపులో టీవీ మీదకి విసిరేస్తారు. ఆటలు చిప్పు రూపంలో ఉన్నవి కొనండి, నెట్‌తో పనుండదు. రోజుకెంతసేపు ఆడాలో మీరే తాళం పెట్టుకోవచ్చు" అన్నాడు.

అంతా ఒక పుటలో రాసుకున్నాను. ఈ విషయం మీద ఎవరైనా మాట్లాడగా నేను విన్న తెలివైన మాటలు అవే మొదలు, అవే చివర.

ఎంపిక సంఘం జిల్లా కార్యాలయంలో సమావేశమైంది. ముగ్గురు సభ్యులు. అధ్యక్షులు సుదర్శనరావు గారు. బాల మనస్తత్వ నిపుణురాలుగా డాక్టర్ మంగతాయారు గారు. నిబంధనల తరఫున సూపరింటెండెంట్ గుంపస్వామి గారు. గుంపస్వామి గారి ముందు గ్రంథాలయ నియమావళి ఉంది. నా నివేదిక దాని కింద ఉంది.

"అసలు కొనడానికి లేదండి," అన్నారు గుంపస్వామి గారు. "పద్నాలుగో నిబంధన. గ్రంథాలయ నిధితో గ్రంథములు తప్ప అన్యవస్తువులు కొనరాదు."

"ఉత్తర్వు మనమే ఇచ్చాం కదయ్యా," అన్నారు సుదర్శనరావు గారు.

"ఉత్తర్వు ఇవ్వొచ్చండి. కొనకూడదు."

తరవాత గుంపస్వామి గారే నియమావళి మొదటి పేజీ తిప్పి, వేలు పెట్టి చదివారు. "గ్రంథమనగా, చదువుటకుగాని చూచుటకుగాని, తద్ద్వారా విజ్ఞానముగాని వినోదముగాని పొందుటకు వీలగు ఏదేని వస్తువు." తలెత్తి, "దీని ప్రకారం అది గ్రంథమేనండి" అన్నారు.

అంతటితో అది గ్రంథమైంది. కర్త ఎవరని అడిగారు, నాకు తెలియదన్నాను. అజ్ఞాత కర్త అని రాశారు. ఒకటే వస్తువు కాదు, విడివిడిగా చాలా ఉన్నాయి కదా అని నేనడిగితే, అయితే సంపుటాలు అన్నారు.

నేను లేచి, దీనికి టీవీ కూడా కావాలని మనవి చేశాను. టీవీ ఫర్నిచరు కిందికి వస్తుందని, అది వేరే సెక్షనని, అక్కడికి ఫైలు వెళ్తుందని చెప్పారు. అది ఇప్పటికీ వెళ్తూనే ఉంది.

తరవాత మంగతాయారు గారు అందుకున్నారు. "శిశువు అరచేతి సగటు వైశాల్యం తెలియకుండా ఉపకరణం ఎంపిక చెయ్యడం అశాస్త్రీయం. మీ పాఠకుల అరచేతులు కొలిచారా?"

"మాకు పాఠకులు లేరండీ. అందుకే కదా ఇది."

"అయితే సంఘ సభ్యుల అరచేతులు కొలిచి సగం చేద్దాం."

తెల్లకాగితాల మీద వరసగా ముగ్గురి చేతులూ పెట్టించి నేనే పెన్సిల్‌తో గీశాను. సుదర్శనరావు గారి చెయ్యే అందరికంటే పెద్దది. సీనియారిటీ ప్రకారం అది సబబేనని గుంపస్వామి గారు అన్నారు. సగం చేస్తే వచ్చిన కొలత, కొట్టాయన చెప్పిన చిన్న రిమోట్ కొలతే. శాస్త్రం రుజువైనందుకు మంగతాయారు గారు సంతోషించి టీ తెప్పించారు.

ఆట ఎంపికకి గంటన్నర పట్టింది. కొట్టాయన ఇచ్చిన ఆటల జాబితాలో మొదటిది కార్ల పందెం. మంగతాయారు గారు ఒప్పుకోలేదు. "పన్నెండు కార్లలో ఒకటి గెలిస్తే పదకొండు ఓడిపోతాయి. ఓటమి శిశువును కుంగదీస్తుంది. గెలుపు పొగరెక్కిస్తుంది. రెండూ లేని ఆట కావాలి."

జాబితాలో అలాంటిది ఒకటే ఉంది. తోటలో మొక్కలకు నీళ్ళు పోసే ఆట.

"నీళ్ళు పోయకపోతే?" అన్నారు అధ్యక్షులు.

"ఎండిపోతాయండీ."

"అది ఓటమే కదమ్మా!"

నేను బయటికి వెళ్ళి కొట్టాయనకి ఫోన్ చేశాను. తేలిక స్థాయిలో పెడితే నీళ్ళు పోయకపోయినా పెరుగుతాయన్నాడు. లోపలికి వచ్చి ఆ మాట చెప్పగానే ఏకగ్రీవంగా ఆమోదించారు. గ్రంథాలయంలో నిశ్శబ్దం పాటించాలి కనుక చెవులకు పెట్టుకునే హెడ్‌ఫోన్లు కూడా చేర్చారు.

నెల తిరిగేసరికి పెట్టె వచ్చింది. సంపుటాలు ఏడు. ఒకటి యంత్రం. రెండు, మూడు రిమోట్లు. నాలుగు తోట ఆట. ఐదు కరెంటు తీగ. ఆరు టీవీకి కలిపే తీగ. ఏడు హెడ్‌ఫోన్లు. కార్ల పందెం యంత్రంతో పాటు ఉచితంగా వచ్చింది. సంఘం తిరస్కరించిన ఆట కాబట్టి ఏం చెయ్యాలో తోచక, నాలుగో సంపుటానికి అనుబంధం అని రాసుకుని దాంతో కలిపి ఒకే సంచిలో పడేశాను.

మా అటెండరు పైడిరాజు ముద్రలు వెయ్యడానికి కూర్చున్నాడు. ప్రతి పుస్తకానికీ మొదటి పేజీ మీద ఒక ముద్ర, దొంగలకి తెలియకుండా పాతికో పేజీ మీద ఒక ముద్ర వెయ్యాలి. రిమోట్‌ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మేడంగారూ, దీనికి పాతికో పేజీ ఏటండీ?"

"బ్యాటరీ మూత తీసి లోపల వెయ్యి."

"అది పాతికేనంటారా?"

"మూత తీస్తే గాని కనిపించదు కదా. అదే పాతికో పేజీ."

కొత్త పుస్తకాలన్నిటికీ ముప్పై రోజుల్లోగా గుడ్డ బైండు వేయించాలి. మా జిల్లా బైండరు పదవీ విరమణ చేసి ఆరేళ్ళయింది, ఆ ఉద్యోగం ఖాళీ. రోడ్డుకి అవతల, మా గుమ్మానికి ఎదురుగా పద్మజ అనే ఆమె జాకెట్లు కుట్టే కొట్టు పెట్టుకుంది. సంపుటాలు పట్టుకుని ఆమె దగ్గరికి వెళ్ళాను.

"బైండా? దీనికి బైండేటి మేడమ్? ఊపిరాడక సచ్చిపోద్ది," అంది పద్మజ. అన్నా, కొలతలు తీసుకుంది. రెండు రోజుల్లో ముదురు ఎరుపు గుడ్డతో ఏడింటికీ తొడుగులు కుట్టి ఇచ్చింది. రిమోట్ బొత్తాలు బయటికి రావడానికి చొక్కాకి తీసినట్టు కాజాలు తీసింది. యంత్రానికి గాలాడే చోట వీపు తెరిచి ముడి పెట్టింది. జిల్లా గ్రంథాలయాల్లో అంతకంటే అందమైన బైండు నేను చూడలేదు.

ఆ తొడుగులు కుడుతున్నప్పుడే పద్మజ కూతురు హంసిక చూసింది. ఏడేళ్ళు. ముందు రెండు పళ్ళు లేవు. మర్నాడు బడి వదలగానే మా బాలల విభాగంలో అడుగు పెట్టింది. వెనకాల ఆరేళ్ళ గౌరీష్, ఇంకో ఐదుగురు. నేను బల్ల దగ్గర నుంచి లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో నాకే తెలియదు.

"మేడమ్, అదేనా?" అంది హంసిక.

"అదే."

"ఆడుకోవచ్చా?"

అప్పుడు నియమావళి తీశాను. ఒక పాఠకుడికి ఒక సమయంలో ఒక సంపుటం మాత్రమే ఇవ్వాలి. అలా రాసి ఉంది. హంసికకి మొదటి సంపుటం ఇచ్చాను. గౌరీష్‌కి మూడోది ఇచ్చాను. మిగతా పిల్లలకి మిగతావి. వరసగా బెంచీల మీద, ఎవరి సంపుటం వాళ్ళు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఐదో సంపుటం వచ్చిన పిల్ల కరెంటు తీగని చుట్టి, విప్పి, మళ్ళీ చుట్టింది. టీవీ లేదు కనుక ఇంకేమీ చెయ్యడానికి లేదు. మర్నాడు సంపుటాలు మార్చుకున్నారు. వారం తిరిగేసరికి ఒక్కొక్కరూ ఏడు సంపుటాలూ పూర్తి చేశారు.

నెలాఖరు నివేదికలో బాలల విభాగం పాఠకులు నూట అరవై ఎనిమిది అని రాశాను. అభినందన లేఖ వచ్చింది. "యంత్రమును ఆన్ చేయకుండగనే ఇంతటి ప్రగతి సాధించుట ముదావహము" అని సుదర్శనరావు గారి సంతకంతో.

లేఖ వచ్చిన రోజునే పిల్లలు రావడం తగ్గింది. గౌరీష్ ఒక్కడే వచ్చి రిమోట్ పట్టుకుని, గోడ వైపు చూపించి బొత్తాలు నొక్కుతూ కూర్చున్నాడు. నోటితో బుర్రుమని చప్పుడు చేశాడు. నిశ్శబ్దం అనబోయి మానేశాను.

సాయంత్రం హంసిక నా బల్ల దగ్గరికి వచ్చింది.

"మేడమ్, పుస్తకాలు ఇంటికిత్తారు గదా?"

"ఇస్తాం. సభ్యత్వం కార్డు ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి. ఒక కార్డుకి ఒక పుస్తకం."

"ఒక కార్డుకి ఒకటి," అని వేళ్ళు లెక్కపెట్టుకుని వెళ్ళిపోయింది.

మూడో రోజు నాలుగున్నరకి ఏడుగురు పిల్లలు ఏడు దరఖాస్తులతో వచ్చి నిలబడ్డారు. ఏడింటి మీదా తల్లిదండ్రుల సంతకాలు. నేను నియమావళి ఆసాంతం చూశాను. ఏడుగురు సభ్యులు ఒకే సాయంత్రం ఒకే ఇంట్లో చదువుకోకూడదని ఎక్కడా లేదు. గడువు తేదీలు వేసి ఇచ్చాను.

ఎర్ర తొడుగుల్లో సంపుటాలు రెండు చేతులతో పట్టుకుని ఏడుగురూ వరసగా రోడ్డు దాటారు. హంసిక యంత్రంతో ముందు. హెడ్‌ఫోన్లు పట్టుకున్న పిల్ల ఆఖర్న. ఒక ఆటో ఆగి దారిచ్చింది. అవతల పద్మజ కొట్లో గోడకి టీవీ ఉంది.

పావుగంట తరవాత ఆ కొట్లోంచి ఒక కేక వినిపించింది. తరవాత ఏడు కేకలు. నేను పుస్తకాలు సర్దుతున్నానని నాకు నేను చెప్పుకుంటూ కిటికీ దగ్గరికి వెళ్ళాను. తోటలో మొక్కలు పెరుగుతుంటే ఎవరూ అలా అరవరు. అనుబంధం ఆడుతున్నారు. రోడ్డు దాటి వెళ్ళి చూస్తే, ఇద్దరు ఆడుతుంటే ఐదుగురు వాళ్ళ వీపుల మీద పడి దారులు చెబుతున్నారు. ఏడో సంపుటం పద్మజ చెవులకి ఉంది. ఈ గోల వినపడకుండా అది పెట్టుకుని హాయిగా జాకెట్ కుడుతోంది.

"రా మేడమ్, కూకో," అంది గట్టిగా. "అరగంటకి తాళం పడేలాగ ఎట్టేసాను. ఆ కొట్టాయన సంచిలో కాయితం రాసెట్టాడు గదా, సదివాను."

అలా నెలన్నర నడిచింది. పదిహేను రోజులకోసారి పిల్లలు సంపుటాలు తెచ్చి, కొత్త తేదీలు వేయించుకుని, మళ్ళీ తీసుకెళ్ళేవాళ్ళు.

ఒక సోమవారం సాయంత్రం చెప్పాపెట్టకుండా ఎంపిక సంఘం తనిఖీకి వచ్చింది. జీపులోంచి ముగ్గురూ దిగారు. బాలల విభాగం అల్మారా ఖాళీ. సుదర్శనరావు గారు ఖాళీ అర ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

"ఏడు సంపుటాలూ బయటికి వెళ్ళాయా?"

"వెళ్ళాయండీ. ఏడుగురు సభ్యులకి."

"ముప్పై ఏళ్ళ సర్వీసులో," అన్నారాయన, "ఒక గ్రంథం సంపుటాలన్నీ ఒకేసారి చదవబడడం నేను చూడలేదు. నిఘంటువు కూడా మొదటి సంపుటం తరవాత ఎవరూ తీసుకెళ్ళరు. ఆ పాఠకుల్ని నేను చూడాలి."

చూపించక తప్పలేదు. మేము రోడ్డు దాటి పద్మజ కొట్లోకి వెళ్ళేసరికి హంసిక కారు ఆఖరి మలుపులో గోడకి కొట్టుకుని, గౌరీష్ కారు దాటిపోయింది. హంసిక కింద పడి దొర్లి దొర్లి నవ్వింది. మంగతాయారు గారు నోట్‌బుక్ తీసి, "శిశువు ఓడిపోయి నవ్వుచున్నది" అని రాసుకుని, అక్కడే ఆగిపోయారు.

సుదర్శనరావు గారు ముందుకి వంగారు. "పాపా, ఈ గ్రంథం చదివి ఏం నేర్చుకున్నావు?"

హంసిక ఆలోచించింది. "మలుపు దగ్గర మెల్లగా ఎల్లాలండి."

"భేష్! నీతి కూడా ఉంది" అని ఆయన అందరివైపూ చూశారు.

ఈలోగా గౌరీష్ తన రిమోట్‌ని గుంపస్వామి గారికి అందించాడు. "మీరాడతారా తాతా?" ఆయన దాన్ని ముందు వెనక్కి తిప్పి ముద్ర ఉందో లేదో చూశారు. తరవాత ఆడారు. ఆ రిమోట్ ఆయన చేతికి సగం. కారు మూడుసార్లు సముద్రంలో పడింది.

"మళ్ళీ," అన్నారు గుంపస్వామి గారు. నిబంధన సంఖ్య లేకుండా ఆయన ఒక మాట అనగా నేను వినడం అదే మొదటిసారి.

పన్నెండు రోజులకి ఉత్తర్వు వచ్చింది. ఈసారి ఒక్కసారి చదివితే సరిపోయింది.

"సదరు గ్రంథము అశేష ఆదరణ పొందినందున, దానిని ఒక్క శాఖకే పరిమితము చేయుట ప్రాంతీయ అసమానతలకు దారితీయును. కావున ఏడు సంపుటములను ఏడు శాఖలకు తలా ఒకటి చొప్పున కేటాయించడమైనది. వచ్చే నెల ఒకటవ తేదీలోగా పంపవలెను." కింద పట్టిక. కరెంటు తీగ కొండమీది శాఖకి ఇచ్చారు. ఆ శాఖకి కరెంటు లేదు. వెనకబడిన శాఖ కాబట్టి తీగకి ప్రాధాన్యం ఇచ్చామని పక్కన రాశారు.

సుదర్శనరావు గారికి ఫోన్ చేశాను. "సార్, అవన్నీ కలిస్తేనే పనిచేస్తుందండీ."

"సరిగ్గా అదే సందేశం అమ్మా! సమైక్యత. పిల్లలు ఏడు శాఖలూ తిరిగి చదువుకుంటారు. జిల్లా భూగోళం కూడా వస్తుంది." ఇంకా ఏదో చెప్పబోయాను. "దేని నంబరు దానికుంది కదా? నంబరున్నది ఏదైనా స్వతంత్ర గ్రంథమే" అని పెట్టేశారు.

సాయంత్రం రోడ్డు దాటి వెళ్ళి పిల్లలకి చెప్పాను. ఎలా చెప్పాలో తెలియక ఉత్తర్వులో ఉన్నట్టే చదివాను. పద్మజ హెడ్‌ఫోన్లు తీసి మెడలో వేసుకుంది.

"నాను తీగట్టుకుని కొండెక్కితే మిగతావోళ్ళు ఏ ఊర్లో ఉంటారు మేడమ్?" అని అడిగింది హంసిక. గౌరీష్ రిమోట్‌ని ఎర్ర తొడుగులో పెట్టి, తాడు ముడివేసి, తెచ్చి నా చేతిలో పెట్టాడు. మా గ్రంథాలయంలో ఎవరూ పుస్తకాన్ని అంత జాగ్రత్తగా తిరిగి ఇవ్వలేదు. నేను దాన్ని తీసుకెళ్ళలేకపోయాను. అక్కడే బల్లమీద పెట్టి వచ్చేశాను.

మర్నాడు ఆఫీసు తెరవగానే గుంపస్వామి గారికి ఫోన్ చేశాను. సూటిగా అడగడానికి భయమేసింది.

"సార్, ఒక సందేహం. గ్రంథాలయంలో పుస్తకాలు పోతే ఏం చేస్తారండీ?"

అవతల పేజీలు తిరుగుతున్న చప్పుడు వినిపించింది.

"అరుంధతి గారూ, ముప్పై ఒకటో నిబంధన. ఏడాదిలో వెయ్యి సంపుటాలకి మూడు చొప్పున పోతే లైబ్రేరియన్ బాధ్యత లేదు. మీ శాఖలో మొత్తం ఎన్ని?"

"రెండువేల నాలుగు వందలండీ. ఆటతో కలిపి."

"అంటే ఏడు పాయింటు రెండు. దశాంశం వదిలెయ్యండి. ఈ ఏడాది ఇప్పటికే ఏమైనా పోయాయా?"

"మా దగ్గర పుస్తకం తీసుకెళ్ళేవాళ్ళే ఉండేవారు కాదండీ, పోవడానికి."

"మంచిది. పోయిన సంపుటాలు ఎక్కడున్నాయో లైబ్రేరియన్‌కి తెలిసి ఉండకూడదు. అది ముప్పై రెండో నిబంధన. మీవి ఎక్కడున్నాయో మీకు తెలుసా?"

"తెలియదండీ."

"నాకూ తెలీదు," అన్నారాయన. గొంతు తగ్గించి, "శనివారం నాలుగింటి బస్సుకి వస్తున్నాను. ఆ పిల్లాడు ఉంటాడా?"

ఉంటాడన్నాను.

ఆ రోజే నివేదిక పంపాను. సంపుటాలు ఏడూ పోయినవి, విచారణలో ఆచూకీ తెలియలేదు. అక్షరాలు గుండ్రంగా రాశాను. పైడిరాజు సాక్షి సంతకం పెట్టి, "అనుబంధం కూడా పోయినట్టేనండీ?" అని అడిగాడు. అనుబంధానికి నంబరు లేదు కనుక అది అసలు ఎప్పుడూ లేదని చెప్పాను.

జిల్లా కార్యాలయం నుంచి జవాబు పదిరోజుల్లో వచ్చింది. పుస్తకాలు పోయే స్థాయికి చదువరులు పెరిగినందుకు సుదర్శనరావు గారు హర్షం వెలిబుచ్చారు. ప్రయోగం జయప్రదంగా ముగిసిందని ఫైలు మూసేశారు.

నిన్న సాయంత్రం పేపర్లు చదివే గదిలోంచి ఒక రిటైర్డు పోస్టుమాస్టరు కళ్ళజోడు పైకి తోసుకుంటూ నా బల్ల దగ్గరికి వచ్చాడు. అవతల కొట్లోంచి కేకలు వినిపిస్తున్నాయి. మధ్యలో ఒక పెద్దాయన గొంతు కూడా ఉంది.

"ఏటమ్మా ఆ గోల? ఇక్కడ మనుషులు సదూకోవద్దా?"

"వాళ్ళూ చదువుకుంటున్నారండీ," అన్నాను. "పోయిన పుస్తకం."